మంచు రోజున బయలుదేరే వేళ

2022 జనవరి 3వ తేదీ, సోమవారం ఉదయం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, రిచ్‌మండ్ పక్కనున్న గ్లెన్ ఆలెన్‌లో మా ఆవిడ బాబాయి గారింటి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని, కారు తాళాలు చేతిలో పట్టుకుని, నేను ఇంట్లోవాళ్ళందరితో వాదిస్తున్నాను. కొత్త సంవత్సరానికి నార్త్ కరోలినాలోని కేరీలో స్నేహితుల ఇంటికి వెళ్ళి, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణంలో వాన పెద్దదవడంతో సగం దారిలో వాళ్ళింట ఆగాము. అక్కడి నుంచి ఉత్తర వర్జీనియాలోని మా ఇంటికి ఐ-95 హైవే మీద రెండు గంటల ప్రయాణం. పొద్దెక్కేసరికి వాన మంచుగా మారిందిగానీ, వాకిట్లో గడ్డి కొసలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఈ మాత్రానికి ఆగిపోయేటట్లయితే పదిహేనేళ్ళుగా ఈ దేశంలో కారు నడిపి నేర్చుకున్నదేమిటన్నది నా వాదన.

బాబాయి గారు రిటైరైన సివిల్ ఇంజనీరు, ముప్ఫై ఏళ్ళుగా రిచ్‌మండ్‌లోనే ఉంటున్న మనిషి. ఆయన నాతో వాదనకు దిగలేదు. వాకిట్లోకి వచ్చి, బూటుకాలితో నేలను ఒకసారి గట్టిగా రాసి, మంచు కింద మెరుస్తున్న తడిని చూపించారు. “కింద నీళ్ళున్నాయి అల్లుడు గారూ, ఇవి సాయంత్రానికి గడ్డకడతాయి. రాత్రంతా వాన కురిసింది కాబట్టి రోడ్డు మీద చల్లిన ఉప్పు కూడా నిలిచి ఉండదు. ఇవాళ్టికి ఉండిపోండి” అన్నారు. మా ఆవిడకు అంత ఓపిక లేకపోయింది. “నువ్వు వెళ్ళాలనుకుంటే వెళ్ళు, నేనూ పిల్లలూ రేపు వస్తాం” అనేసి, పెసరట్ల పని చూడడానికి పిన్నిగారి వెనకాలే వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ముఖం మాడ్చుకుని బూట్లు విప్పాను.

అదే రోజు ఉదయం కేరీ నుంచి మరో స్నేహితుడు కూడా మా ఊరివైపే బయలుదేరాడు. అతను మిషిగన్‌లో పదేళ్ళు ఉండి వచ్చినవాడు. మంచులో కారు నడపడం గురించి మా బృందంలో ఎవరికి సందేహం వచ్చినా అతన్నే అడుగుతాము. నాలుగు చక్రాలకూ శక్తి అందే పెద్ద బండి, ఆ శీతాకాలం కోసమే వేయించిన కొత్త టైర్లు, డిక్కీలో పార, ఇసుక సంచి, అన్నీ ఉన్నాయి. నా కారు పాత సెడాన్, టైర్లు ఆ వేసవికే మార్చవలసినవి. ఆ రాత్రి నేను పిన్నిగారింట్లో రజాయి కప్పుకుని పడుకున్నాను. అతను లేడీస్మిత్, థోర్న్‌బర్గ్ ఎగ్జిట్ల మధ్య హైవే మీద పంతొమ్మిది గంటలు కదలకుండా కూర్చున్నాడు.

ఈ తేడా నా తెలివివల్ల వచ్చింది కాదు కాబట్టే దాని గురించి ఇంత ధీమాగా రాయగలుగుతున్నాను. మంచులో ఎలా నడపాలన్నదాని మీద మనవాళ్ళు ప్రతి డిసెంబరులోనూ వాట్సాప్ గుంపుల్లో పేజీలకు పేజీలు పంచుకుంటారు: బ్రేకు ఎలా తొక్కాలి, జారినప్పుడు స్టీరింగు ఎటు తిప్పాలి, ఏ కంపెనీ టైర్లు మేలు. అవన్నీ తెలుసుకోవలసినవే, గుంటలో పడకుండా అవి కాపాడవచ్చు. అయితే హైవే మీద రాత్రంతా ఇరుక్కుపోవడమనే ఆపదకు వాటితో సంబంధం లేదు. మన ముందున్న బండి కదలనప్పుడు మన చేతిలో ఎంత నేర్పు ఉన్నా దాన్ని చూపించడానికి చోటు ఉండదు. ఆ ఆపద తప్పడమో తప్పకపోవడమో మనం ఇంటి నుంచి ఏ వేళకు కదిలామన్న దాన్నిబట్టే ముక్కాలు వంతు తేలిపోతుంది. మరి బయలుదేరే వేళను నిర్ణయించేవాళ్ళు చాలాసార్లు మనం కానే కాదు. ఈ రెండో మాటే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

ముందు ఐ-95 మీద ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. జనవరి 2వ తేదీ ఆదివారం మా ప్రాంతంలో వసంతకాలంలా వెచ్చగా గడిచింది. ఆ రాత్రి వాన మొదలై, తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయి, అదే వాన మంచుగా మారింది. మామూలుగా మంచు వస్తుందని తెలిస్తే ముందు రోజే రోడ్ల మీద ఉప్పునీటిని చారలు చారలుగా చల్లుతారు. మంచు తారుకు అంటుకుని గడ్డకట్టకుండా అది ఆపుతుంది. వాన ముందు వస్తే ఆ ఉప్పునీరు కాలువల్లోకి కొట్టుకుపోతుంది కాబట్టి, ఆ రోజు చల్లలేదని రాష్ట్ర రవాణా శాఖ తరవాత చెప్పింది. ఆపైన రిచ్‌మండ్‌కూ వాషింగ్టన్‌కూ నడుమనున్న ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టుపక్కల గంటకు రెండంగుళాల చొప్పున మంచు దిగింది. మంచు తోసే ట్రక్కు ఒక చోటు శుభ్రం చేసి, చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే రావడానికి గంటన్నర పట్టిందనుకుంటే, ఆ లోపల మూడంగుళాలు పేరుకుంటుంది. మధ్యాహ్నానికి అక్కడ అడుగుకు పైగా పడింది.

అందులోనూ అది తడి మంచు. మన భాషలో తెల్లవారుజామున గడ్డి మీద కనిపించేదీ మంచే, పొలాల మీద కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. “మీకు మంచు పడుతోందటగా” అని బందరు నుంచి మా అమ్మ అడిగినప్పుడు ఆమె మనసులో ఏ మంచు ఉందో నేను ఎప్పుడూ సరిగా ఊహించలేకపోయాను. కారు నడిపేవాడికి మాత్రం ఈ తేడాలు ప్రాణం మీదికి వచ్చేవి. సున్నాకు పది డిగ్రీల దిగువన పడే పొడి మంచు టైరు కింద కిర్రుమంటూ కొంత పట్టు ఇస్తుంది. సున్నాకు అటూ ఇటూ ఉన్నప్పుడు పడే తడి మంచు బండ్ల బరువుకు నలిగి, పైన సన్నని నీటిపొరతో ఐసుగా మారి, సబ్బు రాసిన బండలా తయారవుతుంది. పొడి రోడ్డు మీద కారు ఆగడానికి ఎంత దూరం పడుతుందో, నలిగిన మంచు మీద దానికి మూడు నాలుగు రెట్లు, ఐసు మీద ఏడెనిమిది రెట్లు పడుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి బయలుదేరడానికి సాయపడుతుంది తప్ప ఆగడానికి ఏమాత్రం పనికిరాదు. మా మిషిగన్ స్నేహితుడికి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు.

కొంపముంచింది ట్రక్కులు. సరుకు నింపిన సెమీ ట్రక్కు, అంటే వెనక ట్రైలరును లాగే భారీ లారీ, బరువు 36 టన్నుల దాకా ఉంటుంది. అలాంటిది చిన్నపాటి ఎత్తు ఎక్కుతూ ఒక్క క్షణం పట్టు తప్పిందంటే వెనక చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బండి ముందుకు పోదు. డ్రైవరు బ్రేకు తొక్కితే వెనకనున్న ట్రైలరు పక్కకు తిరిగి, మడతపెట్టిన చాకులా మూడు లేన్లకూ అడ్డం పడుతుంది. ఆ రోజు అలాంటివి ఒకటి కాదు, అనేకం పడ్డాయి. ఒకసారి అడ్డం పడ్డాక దాన్ని తొలగించవలసిన క్రేను కూడా అదే క్యూలో వెనక ఉంటుంది. మంచు తోసే ట్రక్కూ అక్కడే ఉంటుంది, ఉప్పు చల్లేదీ అక్కడే ఉంటుంది. బండ్లు నిలిచిన చోట మంచు తీయలేరు, మంచు తీయనందువల్ల బండ్లు కదలలేవు.

వర్జీనియాలో ఎగ్జిట్లకు మైళ్ళ లెక్కనే నెంబర్లు ఇస్తారు. ఆ రోజు మూసుకుపోయిన దారి కేరొలైన్ కౌంటీలోని 104వ ఎగ్జిట్ నుంచి డంఫ్రీస్ దగ్గరి 152వ ఎగ్జిట్ దాకా, అంటే 48 మైళ్ళు. దక్షిణం నుంచి వచ్చేవాడికి 104 దాటితే తరవాతిది 110 (లేడీస్మిత్), దాని తరవాత 118 (థోర్న్‌బర్గ్), ఆపైన 126. ఎనిమిదేసి మైళ్ళపాటు దిగే దారి లేదు. ఒక లెక్క వేసి చూడండి. ఆగిన కార్లు ఒక లేనులో మైలుకు సుమారు రెండు వందలు పడతాయి, మూడు లేన్లలో ఆరు వందలు. గంటకు నాలుగు వేల బండ్లు వచ్చే దారి ముందు పూర్తిగా మూసుకుపోతే, ఎనిమిది మైళ్ళు నిండడానికి గంటంబావు చాలు. ఆ గంటంబావులో 118 దగ్గర హైవే ఎక్కినవాడికి ముందేముందో ఎవరూ చెప్పలేదు. చెప్పేసరికి అతని వెనక కూడా నిండిపోయింది.

అందరికీ తెలిసిన ఉదాహరణ సెనెటర్ టిమ్ కేన్‌ది. ఆయన రిచ్‌మండ్‌లోని తన ఇంటి నుంచి వాషింగ్టన్‌కు సోమవారం మధ్యాహ్నం ఒంటి గంటకు బయలుదేరారు. రెండు గంటల ప్రయాణానికి 27 గంటలు పట్టింది. ఆయన కదిలిన వేళను గమనించండి: మంచు కురవడం అప్పటికి దాదాపు ఆగిపోతోంది. తెరిపిచ్చింది కదా, ఇక పరవాలేదనే ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. కానీ రోడ్డు మీద చిక్కు ఉదయమే పుట్టింది, చీకటి పడ్డాక ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పోయి, నలిగిన మంచంతా రాయిలా బిగిసింది. ఆ రాత్రి ఫ్లోరిడా నుంచి కనెక్టికట్‌కు వెళుతున్న ఒక కుటుంబం నారింజపళ్ళ సంచి పట్టుకుని కారు కారుకూ తిరిగి పంచిందని, తానూ ఒక పండు తీసుకున్నానని కేన్ తరవాత చెప్పారు. ఇంకోచోట ఒక బ్రెడ్ ట్రక్కు డ్రైవరు కంపెనీ అనుమతితో తలుపులు తెరిచి రొట్టెలు ఇచ్చేశాడు. మా స్నేహితుడి దగ్గర కేరీలో కట్టిచ్చిన పులిహోర డబ్బా ఉంది. పక్క లేనులోని ట్రక్కు డ్రైవరుకు కొంత పెట్టాడట. ఆయన మిరపకాయ కొరికి, రెండు సీసాల నీళ్ళు తాగి, మళ్ళీ కొంచెం పెట్టమన్నాడట. మంగళవారం రాత్రికిగానీ ఆ దారి మళ్ళీ తెరుచుకోలేదు.

ఇక నా సొంత సంగతికి వస్తాను. 2011 జనవరి 26వ తేదీన వాషింగ్టన్ ప్రాంతంలో మధ్యాహ్నమంతా వాన పడి, సరిగ్గా సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు అది బరువైన మంచుగా మారింది. ఫెడరల్ ఉద్యోగులను ఆ రోజు రెండు గంటలు ముందుగా వెళ్ళిపొమ్మన్నారు. ప్రైవేటు ఆఫీసులు వాళ్ళను చూసి తమవాళ్ళకూ అదే చెప్పాయి. మా మేనేజరు మూడున్నరకు “అందరూ జాగ్రత్తగా ఇళ్ళకు చేరండి” అని మెయిలు పంపాడు. అతని ఉద్దేశం మంచిదే. నేను నాలుగు గంటలకు కదిలాను. పాతిక మైళ్ళ దూరంలో ఉన్న ఇల్లు చేరేసరికి ఒంటి గంట దాటింది. ఆ తొమ్మిది గంటల్లో మూడు గంటలు ఒకే ట్రాఫిక్ లైటు ముందు గడిచాయి. అది పచ్చగా మారేది, ఎర్రగా మారేది, ఎదురుగా మలుపులో అడ్డం తిరిగిన బస్సు మాత్రం అక్కడే ఉండేది. ఇంధనం ముల్లు కిందికి జారుతోందని హీటరు ఆపి, మధ్యాహ్నం మిగిలిన పెరుగన్నం రాత్రి పదింటికి వణుకుతూ తిన్నాను. పక్కనే కొందరు కార్లకు తాళాలు వేసి, అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలిన కార్లు మర్నాడు మంచు తోసేవాళ్ళకు అడ్డమయ్యాయి.

నా పక్క క్యూబికల్‌లో పనిచేసే ఆయన ఆ సాయంత్రం ఒక రిపోర్టు పూర్తికాక ఆఫీసులోనే ఉండిపోయాడు, సోఫా మీద నిద్రపోయాడు, తెల్లవారుజామున అయిదింటికి లేచి యాభై నిమిషాల్లో ఇంటికి చేరాడు. ఆయన్ను చూసి మేమంతా నవ్వాము. నాకు బుద్ధి వచ్చిందనడానికి కూడా లేదు, పదకొండేళ్ళ తరవాత గ్లెన్ ఆలెన్‌లో బూట్లు తొడుక్కున్నది నేనే కదా.

ఈ సంగతి తెలుగువాళ్ళకు చెప్పడానికి మంచుతో పని లేదు. భోగికి ముందు శుక్రవారం సాయంత్రం హైదరాబాదులో ఆఫీసు వదలగానే విజయవాడ హైవే ఎక్కి, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. అక్కడ ఎవరికీ డ్రైవింగ్ రాకపోవడం కాదు, రోడ్డు చెడిపోనూ లేదు. రెండు రోజుల్లో సర్దుకుని వెళ్ళవలసినవాళ్ళు అయిదు గంటల్లో బయలుదేరారు, అంతే. మంచు ఈ లెక్కను మరింత బిగిస్తుంది. మంచి వాతావరణంలో హైవే లేను ఒకటి గంటకు రెండు వేల బండ్లను పంపగలిగితే, భారీ మంచులో ఆ శక్తి పావు వంతో అంతకన్నా ఎక్కువో తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే మనమంతా మామూలు రోజుకు రెట్టింపు సంఖ్యలో రోడ్డెక్కుతాము.

దీనికి దక్షిణ రాష్ట్రమైన జార్జియాలోని అట్లాంటాను మించిన రుజువు నాకు కనిపించలేదు. 2014 జనవరి 28వ తేదీన ఆ నగరంలో పడింది రెండు మూడు అంగుళాల మంచు మాత్రమే. మధ్యాహ్నం ప్రాంతంలో బడులు, ప్రభుత్వ కార్యాలయాలు, కంపెనీలు దాదాపు ఒకే వేళకు జనాన్ని వదిలేశాయి. ఉప్పు ట్రక్కులు ఆ జనంలో చిక్కుకున్నాయి. వేలమంది పిల్లలు ఆ రాత్రి బడుల్లోనే పడుకున్నారు, కొందరు స్కూలు బస్సుల్లోనే ఉండిపోయారు, నగరం చుట్టూ తిరిగే ఐ-285 మీద ఒక పాప కారులోనే పుట్టింది. దక్షిణాదివాళ్ళకు మంచులో నడపడం రాదని ఉత్తరాదివాళ్ళు హేళన చేశారు. అయితే సరిగ్గా రెండు వారాల తరవాత, ఫిబ్రవరి 12వ తేదీ ప్రాంతంలో, అదే నగరం మీద అంతకన్నా భయంకరమైన ఐసు తుపాను వచ్చింది. ఈసారి గవర్నరు ముందుగానే అత్యవసర పరిస్థితి ప్రకటించాడు, బడులూ ఆఫీసులూ ముందు రోజే మూసేశారు, జనం ఇళ్ళలో ఉండిపోయారు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి. రెండు వారాల్లో అట్లాంటావాళ్ళెవరూ మంచులో నడపడం నేర్చుకోలేదు.

“అయితే ఇంట్లో కూర్చోమంటారు, అంతేగా” అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. నా మాటలోని బలహీనత అక్కడే ఉంది. ఇంట్లోంచి పనిచేసుకోగలిగిన నాబోటివాడికి ఈ సలహా ఉచితం. గంట లెక్కన బిల్లు వేసే కన్సల్టెంటుకు రాని రోజు జీతం లేని రోజు. హెచ్-1బి మీద ఉన్నవాడికి క్లయింటు ముందు “మంచు పడుతుందేమోనని రాలేదు” అని చెప్పాలంటే గొంతు పెగలదు. నేను ఆ స్థితిలో ఉన్న ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. డే కేర్ సాయంత్రం ఆరింటికి మూసేస్తారు, ఆలస్యమైతే నిమిషానికి ఒక డాలరు. ఆస్పత్రిలో నర్సు, గ్యాసు స్టేషన్లో రాత్రి షిఫ్టుకు నిలబడే విద్యార్థి, సామాన్లు తెచ్చే డ్రైవరు, వీళ్ళలో ఎవరికీ బయలుదేరే వేళ సొంతం కాదు. అందుకే దీన్ని ఒక్కొక్కరి జాగ్రత్తకు వదిలేయడం అన్యాయమంటాను. నేను బతిమాలుకుంటే మేనేజరు సెలవు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ముందు రోజు సాయంత్రమే రోడ్లు మూస్తున్నామని రాష్ట్రం ప్రకటిస్తే ఎవరూ ఎవరినీ బతిమాలుకోనవసరం లేదు.

ముందుగా అనడంలో కొన్ని గంటల తేడా ఎంత పనిచేస్తుందో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో చూశాము. 2022 డిసెంబరు 23న రాబోయే మంచు తుపాను గురించి వాతావరణ శాఖ రోజుల ముందే, తరానికి ఒకసారి వచ్చేదని హెచ్చరించింది. కౌంటీలో వాహనాలు నడపరాదన్న నిషేధం మాత్రం శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు అమల్లోకి వచ్చింది. అప్పటికి పనికి వెళ్ళవలసినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తుపానులో ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో కొందరు కార్లలో, కొందరు రోడ్ల పక్కన నడుస్తూ పోయినవాళ్ళు. బఫెలోవాళ్ళకంటే మంచు తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఉండరు.

ముందుగా మూసేస్తే వచ్చే ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు. మూడుసార్లు మూస్తే ఒకసారి మంచు పడకుండా పోతుంది. ఆ ఒక్కసారీ టీవీలో ఎగతాళి చేస్తారు, వ్యాపారులు నష్టం లెక్క చెబుతారు, నాలుగోసారి మూయడానికి ఏ అధికారికీ ధైర్యం చాలదు. ఆ ఎగతాళిని భరించడం కూడా ఉద్యోగంలో భాగమనే నేనంటాను. నేను బందరువాణ్ణి. రేవులో తుపాను ప్రమాద సూచిక ఎగరేశాక వేటకు పోకుండా పడవను లాగి కట్టుకున్న జాలరిని మా ఊళ్ళో ఎవరూ చేతగానివాడనరు. తుపాను దారి తప్పి ఒడిశాకు పోయినా, సూచిక ఎగరేసినవాణ్ణి తిట్టరు, ఆ రోజు కూలి పోయిందని గొణుక్కుంటారంతే. 2011 సాయంత్రం తరవాత వాషింగ్టన్ ఫెడరల్ ఆఫీసులకు ఒక కొత్త పద్ధతి పెట్టారు: విడతలవారీగా వదలడం, ఫలానా వేళ దాటాక ఎవరూ బయలుదేరకూడదని గడువు పెట్టడం, మరీ మించిపోతే భవనంలోనే ఉండిపొమ్మనడం. మా క్యూబికల్ పక్కాయన సోఫా మీద చేసింది అదే.

ఇంత చెప్పాక కూడా వెళ్ళక తప్పని రోజులు ఉంటాయి, కాబట్టి నేను పాటించేవి కూడా చెబుతాను. మొదటి మంచు రేకు పడడానికి ముందే గమ్యం చేరేలా కదలడం, అది కుదరకపోతే మంచు ఆగి, తోసే ట్రక్కులు రెండుసార్లు తిరిగేదాకా కదలకపోవడం. ఈ రెంటికీ నడుమ ఉన్న వేళ నాది కాదనుకోవడం. వాన తరవాత మంచు అని సూచన ఉంటే ఇంకా అనుమానించాలి. బయట సున్నాకు తొమ్మిది డిగ్రీల దిగువకు పోతే మామూలు ఉప్పు పనిచేయడం దాదాపు మానేస్తుందని, కింద గాలి ఆడే వంతెనలు రోడ్డుకంటే ముందు గడ్డకడతాయని గుర్తుంచుకోవాలి. ఫోను చూపించే పక్కదారిని నమ్మకూడదు. ఆ దారి ఖాళీగా ఉందని ఫోనుకు తెలుసు, ఎందుకు ఖాళీగా ఉందో తెలియదు. చాలాసార్లు అది ఎవరూ మంచు తీయని, చెట్టు కూలిన ఊరి రోడ్డు.

అన్నిటికంటే కష్టమైనది మధ్యలో దిగిపోవడం. వేగం పాతిక మైళ్ళకు పడిపోయి, ముందున్న ట్రక్కులు హెచ్చరిక దీపాలు వెలిగించాయంటే, దీపాలూ టాయిలెట్టూ ఉన్న తరవాతి ఎగ్జిట్లో నేను దిగిపోతాను. దిగాక గంటసేపు కాఫీ తాగి, రోడ్డు బాగానే ఉందని తేలి, సిగ్గుపడి మళ్ళీ ఎక్కిన రోజులూ ఉన్నాయి. మనసు ఒప్పుకోదు. “ఇంకా నలభై మైళ్ళే కదా” అంటుంది. మా స్నేహితుడు 110 దగ్గర సరిగ్గా అదే అనుకున్నాడు. లేడీస్మిత్‌లో గ్యాసు స్టేషను దీపాలు కనిపిస్తూనే ఉన్నాయట.

ఇరుక్కుపోయాక చేయవలసింది ఒకటి తక్కినవాటికన్నా ముఖ్యం. కారు వెనక పొగగొట్టం మంచులో పూడిపోకుండా మాటిమాటికీ దిగి చూసుకోవాలి. ఐ-95 మీద ఆ రాత్రి ఎవరి ప్రాణమూ పోలేదు. అదే వారంలో, జనవరి 7వ తేదీ రాత్రి, పాకిస్తాన్‌లోని మర్రీ అనే కొండ ఊరిలో మంచు చూడడానికి వెళ్ళిన వేలాది కార్లు ఇలాగే చిక్కుకుపోయాయి. ఇరవై మందికి పైగా కార్లలోనే చనిపోయారు. హీటరు కోసం ఇంజను నడుస్తుంటే, పూడిన గొట్టంలోంచి పోలేని కార్బన్ మోనాక్సైడు లోపలికి వచ్చి, వాసన కూడా తెలియకుండా నిద్రలోనే తీసుకుపోవడం వాళ్ళలో చాలామంది మరణానికి కారణమని చెప్పారు. గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజను నడిపి, ఒక అద్దం వేలెడంత తెరిచి ఉంచితే చాలు. ఆగి ఉన్న కారు గంటకు పావు నుంచి అర గ్యాలన్ కాలుస్తుంది. నిండు ట్యాంకు ఉంటే ఒక రాత్రికి భయం లేదు, పావు ట్యాంకుతో మంచులోకి కదిలేవాడికి ఉంది. విద్యుత్ కార్లయితే ఏమయ్యేవని ఆ వారం పెద్ద చర్చ నడిచింది. వాటికి పొగగొట్టం లేదన్న సంగతి ఆ చర్చలో ఎక్కువమందికి తట్టినట్లు లేదు.

మేము బుధవారం మధ్యాహ్నం గ్లెన్ ఆలెన్ నుంచి కదిలాము. పిన్నిగారు దారికి పులిహోర కట్టిచ్చారు, నేను వద్దనలేదు. 118 దాటాక రోడ్డు పక్కన ఇంకా కొన్ని కార్లు మంచులో కూరుకుని, తలుపుల దాకా మట్టి కొట్టుకుని ఉన్నాయి. ఒక కారు వెనక అద్దం మీద ఎవరో వేలితో ఫోను నెంబరు రాసి పెట్టారు, సగం చెరిగిపోయింది. పిల్లలు నిద్రపోయారు, మా ఆవిడ కిటికీలోంచి ఆ కార్లను లెక్కపెడుతూ కూర్చుంది, నన్నేమీ అనలేదు. ఇల్లు చేరాక బాబాయి గారికి ఫోను చేస్తే ఆయన మొదట అడిగింది ఎంతసేపు పట్టిందని. రెండు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ పట్టిందని చెప్పాను.